సదరం కాగితం నుంచి బడి బల్ల దాకా: ఆటిజం ఉన్న పిల్లలకు అందాల్సిన ప్రత్యేక విద్య

నల్లగొండ జిల్లాలో వైకల్యం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లను, బిగుసుకుపోయిన మెడలను జనం తరాలుగా చూస్తూనే ఉన్నారు. అందుకే ఇక్కడి మనసుల్లో వైకల్యం అనేది ఎముకలో ఉండేది, చూడగానే తెలిసేది. ఆటిజం ఉన్న పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు. వాడు ఉరుకుతాడు, గోడ ఎక్కుతాడు, ఫోన్‌లో విన్న పాటను పొల్లుపోకుండా అప్పజెబుతాడు. కానీ తల్లి పదిసార్లు పిలిచినా తిరిగి చూడడు. దాహమైతే ఆమె చెయ్యి పట్టి బిందె దగ్గరికి లాక్కుపోతాడు తప్ప 'నీళ్లు' అనడు. "వాళ్ల నాయిన కూడా నాలుగేండ్లకు మాట్లాడిండు, వీనికీ వస్తయిలే" అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యంతోనే ఎంతో విలువైన రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

ఆ తర్వాత తిరుగుడు మొదలవుతుంది. అంగన్‌వాడీ టీచర్ జిల్లా ఆస్పత్రికి వెళ్లమంటుంది, ఆస్పత్రిలో సదరం (వైకల్య ధ్రువపత్రం) కోసం స్లాట్ తీసుకోమంటారు, బడిలో సర్టిఫికెట్ తెచ్చాక మాట్లాడదామంటారు, సర్టిఫికెట్ తెస్తే మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత సెంటర్‌కు పంపమంటారు. ఈ తిరుగుడులో తల్లిదండ్రులు మూడు వేర్వేరు వ్యవస్థలను ఒకటే అనుకుంటారు. మొదటిది వైద్యం: పిల్లవాడికి ఏముందో తేల్చి చికిత్స సూచించేది. రెండోది సంక్షేమం: ధ్రువపత్రం, పింఛను, బీమా, రాయితీలు ఇచ్చేది. మూడోది విద్య: పిల్లవాడికి రోజూ ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో చూసుకునేది. ఒకదాని కాగితం ఇంకొకదానికి కొంతవరకే పనికొస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, సంక్షేమం కోసం పుట్టిన శాతాన్ని చదువుకు కొలమానంగా వాడడం. చేతిలో ధ్రువపత్రం ఉండి, పింఛను కూడా వస్తూ, పిల్లవాడికి మాత్రం ఒక్క రోజు కూడా అతనికి తగిన పాఠం అందని ఇళ్లు పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

ఒకే పేరు కింద వేర్వేరు పిల్లలు

ఆటిజం రోగం కాదు, మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. ఎదుటివారితో కలవడంలో, మాటల ద్వారా గానీ సైగల ద్వారా గానీ భావం పంచుకోవడంలో ఇబ్బంది ఒక వైపు. చేసిందే చేయడం, ఒకే వస్తువు మీద పట్టుదల, శబ్దాలకూ వాసనలకూ స్పర్శకూ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం ఇంకో వైపు. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడే దాన్ని ఆటిజం అంటారు. బతుకమ్మ ఆట దగ్గర సౌండ్ బాక్సు మోగగానే చెవులు మూసుకొని ఏడ్చే పిల్ల మొండిది కాదు. ఆ శబ్దం ఆమెకు నిజంగానే నొప్పి. తల్లి పెంపకం వల్ల ఆటిజం రాదు, టీకాల వల్ల రాదు, ఫోన్ చూడడం వల్ల కూడా రాదు. అయితే రోజంతా ఫోన్ ముందు కూర్చోబెడితే మాటామంతీ తగ్గి, ఉన్న ఇబ్బంది మరింత ముదురుతుంది కాబట్టి ఫోన్ తగ్గించమని చెప్పే సలహా మంచిదే. జన్యువుల పాత్ర పెద్దదని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన 2011 జనాభా లెక్కలు దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించాయి గానీ, అందులో ఆటిజానికి ప్రత్యేకంగా గడే లేదు.

పక్కపక్కనే కనిపించే ఇతర ఇబ్బందులతో దీన్ని కలిపేయడం వల్ల చదువు దారి తప్పుతుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలు అన్ని విషయాలనూ నెమ్మదిగా నేర్చుకుంటారు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు మాటల్లో, తెలివిలో ఎవరికీ తీసిపోరు, చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో మాత్రమే చిక్కుకుంటారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు నిలకడ ఉండదు. అయినా ఆ పేరు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో విడిగా లేదు. ఆటిజంతో పాటు మేధో వైకల్యం ఉండవచ్చు, లేకపోవచ్చు కూడా. పల్లెలో అందరినీ కలిపి 'మందబుద్ధి' అనేస్తారు. ఆ ఒక్క మాట వేర్వేరు బోధనా పద్ధతులను చెరిపేస్తుంది కాబట్టి అది అవమానమే కాదు, చదువుకు నష్టం కూడా.

ఇక్కడి ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. దేవరకొండ, చందంపేట తండాల్లో పిల్లలు ఇంట్లో వినేది లంబాడీ భాష, బడిలో వినేది తెలుగు. మక్తల్, నారాయణపేట వైపు కొన్ని ఇళ్లలో కన్నడం కూడా నడుస్తుంది. రెండు భాషల వల్లే పిల్లవాడికి మాట రాలేదనీ, ఇంటి భాష మానేయాలనీ కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ముదిరిందని ఏ పరిశోధనా తేల్చలేదు. పైగా అమ్మకూ అవ్వకూ వచ్చిన ఒక్క భాషనూ ఆపించేస్తే, పిల్లవాడితో మాట్లాడే మనుషులే ఇంట్లో కరువవుతారు.

వైద్యం గడప

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దీని కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి, పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు ఉన్న పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపించిన పిల్లలను సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. జిల్లా స్థాయిలో పనిచేసే ఈ కేంద్రంలో పిల్లల వైద్యుడితో పాటు ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుడు ఒకే కప్పు కింద ఉండాలన్నది ఏర్పాటు. ఇంకా లోతైన పరీక్ష కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై, ఇప్పుడు మేధో దివ్యాంగుల సాధికారత జాతీయ సంస్థగా పనిచేస్తున్న ఈ సంస్థ దేశమంతటికీ ఒకటే. అది మనకు ఒక పూట బస్సు ప్రయాణంలో ఉంది. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చేవారితో పోలిస్తే ఇది మన జిల్లాలకు దక్కిన పెద్ద సౌకర్యం. చాలా కుటుంబాలకు ఆ సంగతే తెలియదు.

థెరపీ విషయంలో తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న 'వారానికి ఎన్ని సెషన్లు' అని కాదు, 'ఇక్కడ చేసింది ఇంట్లో నేనెలా చేయాలి' అని. వారానికి రెండు గంటలు హైదరాబాద్‌లో చేసే స్పీచ్ థెరపీ, మిగిలిన రోజుల్లో అమ్మ అన్నం పెట్టేటప్పుడు కొనసాగకపోతే నిలవదు. చెరువుగట్టుకో జహంగీర్ పీర్ దర్గాకో మొక్కుకోవడం ఎవరి నమ్మకం వారిది, అది థెరపీకి అడ్డం కాదు. అడ్డమల్లా పొలం అమ్మించే వాగ్దానాలే. మూలకణాల చికిత్సతో ఆటిజం నయమవుతుందని చెప్పి లక్షలు వసూలు చేసేవారున్నారు; ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. నయం చేస్తామన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడే ఆగి ఆలోచించాలి.

ధ్రువపత్రం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం పేరు జనం నోట స్థిరపడిపోయింది. ఇప్పుడు దేశమంతటికీ ఒకే గుర్తింపుగా యూడీఐడీ కార్డు వచ్చింది. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో తయారైన కొలబద్ద పేరు ఐసా. సామాజిక సంబంధాలు, భావోద్వేగాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, గ్రహణ శక్తి అనే ఆరు విభాగాల్లో 40 అంశాలుంటాయి. ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. మొత్తం 70 గానీ ఆ పైన గానీ వస్తే ఆటిజం. 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. ఇక్కడ అంకె పెరిగే కొద్దీ ఇబ్బంది పెరిగిందని అర్థం. పరీక్ష మార్కులకు అలవాటు పడిన కళ్లు దీన్ని తిరగేసి చదివే ప్రమాదముంది కాబట్టి నివేదిక చేతికి వచ్చినప్పుడు మొత్తం అంకెతో సరిపెట్టుకోక, ఏ విభాగంలో ఎంత వచ్చిందో అడిగి రాయించుకోవడం మంచిది. చదువు చెప్పేవారికి పనికొచ్చేది ఆ విభాగాల వివరమే.

దివ్యాంగుల హక్కుల చట్టంలో 40 శాతం ఒక గీత. 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవారిని ప్రామాణిక వైకల్యం ఉన్నవారని అంటారు. పింఛను, రిజర్వేషన్ల వంటివి చాలావరకు ఆ గీతకు కట్టి ఉన్నాయి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. అది ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చును భరిస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో భాగమే. పింఛను గురించి తెలిసిన పది ఇళ్లలో ఈ బీమా పేరు విన్న ఇల్లు ఒకటి దొరకడం కూడా కష్టమే.

శాతం చెప్పనిది ఒకటుంది. 70 శాతం అని రాసిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి మాట అసలు లేకపోవచ్చు, ఇంకొకరు గలగలా మాట్లాడుతూనే కొత్త మనిషిని చూసి వణికిపోవచ్చు. ఆ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పలేం. 'ఇతనికి 70 శాతం ఉంది, ఇతనికి చదువు రాదు' అని బడిలో ఎవరైనా అంటే, వారు పింఛను అర్హతను చదువు అర్హతగా పొరబడుతున్నారని అర్థం.

చట్టం బడిని ఏమని అడుగుతుంది

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి 6 – 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తోంది. 2012 సవరణతో వికలాంగ పిల్లలకు అందులో స్పష్టమైన చోటు దొరికింది. తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దనే చదువు పొందే హక్కు కూడా ఆ సవరణతోనే వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఆ చట్టంలోని మూడు సెక్షన్ల మధ్య తేడా తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

16వ సెక్షన్ విద్యాసంస్థల బాధ్యతలు చెబుతుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన సర్దుబాట్లు చేయాలి, వ్యక్తిగతంగానో మరో విధంగానో తోడ్పాటు అందించాలి, ప్రతి వికలాంగ విద్యార్థి ప్రగతినీ గమనిస్తూ ఉండాలి. ఈ సెక్షన్ మాట్లాడేది వైకల్యం ఉన్న పిల్లల గురించి. 40 శాతం గీత ఇందులో లేదు. 17వ సెక్షన్ ప్రభుత్వ బాధ్యతలది. బడి ఈడు పిల్లలను గుర్తించడానికి అయిదేళ్లకోసారి సర్వే చేయాలనీ, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలనీ, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలనీ అది చెబుతుంది. 31వ సెక్షన్ దగ్గర మాత్రం 40 శాతం గీత వస్తుంది. ప్రామాణిక వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల దాకా, దగ్గరలోని బడిలో గానీ తనకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉందని ఆ సెక్షన్ ప్రకటిస్తుంది. 14 దగ్గర ఆగిపోయే హక్కు ఈ పిల్లలకు 18 దాకా సాగుతుంది.

దీన్నిబట్టి చూస్తే, ధ్రువపత్రం తెచ్చేదాకా చేర్చుకోం అనడానికి బడికి ఆధారం లేదు. ప్రయాణ భత్యం, సహాయకుల భత్యం వంటి డబ్బు సంబంధమైన వాటికి పత్రం అడగవచ్చు. పిల్లవాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, పాఠాన్ని బొమ్మలతో చెప్పడానికి, చెవులు మూసుకుంటే కాసేపు వరండాలో తిరగనివ్వడానికి ఏ పత్రమూ అక్కర్లేదు.

బడిలో గుర్తించడానికి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. 63 అంశాల పట్టిక అది. తరగతి ఉపాధ్యాయుడు మొదట నింపుతాడు, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడో ప్రత్యేక ఉపాధ్యాయుడో సరిచూస్తారు. దీనితో రోగ నిర్ధారణ జరగదు, ఎవరిని పరీక్షకు పంపాలో తెలుస్తుంది, అంతే. అభ్యసన వైకల్యం విషయంలో ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువీకరణ చేస్తారు కాబట్టి, రెండో తరగతి పిల్లవాడు అక్షరాలు తారుమారు చేస్తున్నాడని కంగారు పడి పత్రం కోసం పరుగెత్తినా ప్రయోజనం ఉండదు. నేర్పే పద్ధతి మార్చడానికి మాత్రం ఎనిమిదేళ్లు ఆగనక్కర లేదు.

భవిత సెంటర్‌లో ఒక మధ్యాహ్నం

సమగ్ర శిక్ష పథకం కింద మన మండల కేంద్రాల్లో నడిచేవే భవిత కేంద్రాలు. ఎక్కువగా ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటాయి. ఐఈఆర్పీలు అని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ పిల్లలకు రోజువారీ పనులు, బడికి ముందు కావలసిన నైపుణ్యాలు నేర్పుతారు. వారంలో నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు వస్తారు. రాలేని పిల్లల ఇళ్లకు ఐఈఆర్పీలే వెళ్తారు. వీరిలో చాలామంది ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతి మీదే పనిచేస్తున్నారు. ఆ ఉద్యోగ అనిశ్చితిలోనూ, మండలంలోని పదుల ఊళ్లూ తండాలూ తిరుగుతూ, ఒక్కో తల్లికీ ఒక్కో పని నేర్పుతున్న ఈ మనుషులను చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

నల్లగొండ జిల్లాలోని ఒక మండలంలో అలాంటి కేంద్రంలో కూర్చుని చూసినదే ఇక్కడ చెబుతాను. ఎనిమిదేళ్ల పిల్లవాడు. పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో పేరుంది, పొద్దంతా అక్కడా ఇక్కడా గడుపుతాడు. భోజనం గంట కొట్టగానే చెవులు మూసుకొని గేటు వైపు ఉరికేవాడు. ఒకసారి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. బడి మాత్రం, రేపటి నుంచి తల్లి వచ్చి కూర్చోవాలంది. తల్లి పత్తి ఏరే కూలికి పోవాలి. భవిత టీచరమ్మ నాలుగు రోజుల పాటు ఏమీ చేయకుండా గమనించింది. వాడు పారిపోతున్నది అన్నం నుంచి కాదు. గంట మోతకూ, ఒక్కసారిగా లేచే వందమంది పిల్లల అరుపులకూ కలిపి. అట్ట ముక్క మీద నాలుగు బొమ్మలు వరుసగా అంటించింది: చెప్పులు విడవడం, చేతులు కడుక్కోవడం, పళ్లెం తీసుకోవడం, చాప మీద కూర్చోవడం. ఒక్కో పని కాగానే వాడు ఆ బొమ్మను పీకి బిస్కెట్ డబ్బాలో వేయాలి. గంటకు రెండు నిమిషాల ముందే అట్ట చూపి వాడిని మొదట తీసుకుపోయేది. పప్పు కలిపితే ముట్టడు కాబట్టి అన్నం విడిగా, గుడ్డు విడిగా పెట్టించింది. నేను చూసిన రోజు వాడు మూడో బొమ్మ దాకా ఎవరూ చెప్పకుండానే పీకాడు. నాలుగోదాని దగ్గర ఆగి ఆమె మొహం వైపు చూశాడు. ఆమె నోరు విప్పలేదు, చాప వైపు కళ్లతో చూపింది, అంతే.

ప్రత్యేక విద్యలో ఉన్నదంతా ఈ చిన్న దృశ్యంలో ఉంది. ప్రవర్తనకు కారణం వెతకడం, పెద్ద పనిని ముక్కలు చేయడం, మాట పనిచేయని చోట బొమ్మ వాడడం, చెప్పి చేయించడం నుంచి సైగకు, సైగ నుంచి చూపుకు సాయాన్ని మెల్లగా తగ్గించడం, పిల్లవాడితో పాటు చుట్టూ ఉన్న ఏర్పాటును కూడా మార్చడం. దీన్ని కాగితం మీద పెడితే అదే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. 'క్రమశిక్షణ నేర్చుకోవాలి' అని రాస్తే అది ప్రణాళిక కాదు. 'గంటకు రెండు నిమిషాల ముందు చూపే బొమ్మల సాయంతో, వారంలో నాలుగు రోజులు, బయటికి పరుగెత్తకుండా చాప మీద కూర్చుంటాడు. మూడు నెలల్లో' అని రాస్తే అది ప్రణాళిక. ఎవరు చేయిస్తారో, ఏ సాయంతో చేయిస్తారో, ఎలా లెక్కపెడతారో, ఎప్పుడు మళ్లీ చూస్తారో అందులో ఉండాలి. అమెరికాలో 1975 చట్టం నుంచీ ఇలాంటి ప్రణాళిక చట్టబద్ధమైన పత్రం, తల్లిదండ్రులు దానిపై పోరాడవచ్చు. మన 2016 చట్టంలో ఆ పేరుతో పత్రాన్ని తప్పనిసరి చేయలేదు గానీ, 16వ సెక్షన్‌లోని 'వ్యక్తిగత తోడ్పాటు', 'ప్రతి విద్యార్థి ప్రగతిని గమనించడం' అన్న మాటలకు రాతపూర్వకమైన ప్రణాళిక లేకుండా అర్థమే ఉండదు. కాబట్టి దాన్ని అడిగి తీసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత కూడా.

అలాంటి పాఠం ఒక మండలానికి ఇద్దరు మనుషులతో అందరికీ అందదు. 2021 అక్టోబర్ 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆ పైన 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. అమలు జరగడం లేదని 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలను నిలదీసి, పోస్టులు మంజూరు చేసి ప్రకటించమని ఆదేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు ప్రత్యేక విద్యకు చెందినవి. ఇది చిన్న అడుగు కాదు. కానీ ప్రత్యేక బీఈడీలో శిక్షణ వైకల్యాన్ని బట్టి మారుతుంది. అంధత్వంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలిని ఆటిజం పిల్లల మధ్య వదిలేస్తే ఆమెకూ పిల్లలకూ కష్టమే. పోస్టు నిండిందా అన్న ప్రశ్నతో పాటు ఏ శిక్షణ ఉన్నవారు వచ్చారన్నది కూడా అడగాలి.

వలస పోయే ఇంట్లో

పాలమూరు వలసను లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడ ఏ విద్యా విషయమూ మాట్లాడలేం. కోస్గి, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబైకో పుణేకో కుటుంబం మొత్తం కదిలితే, ఆటిజం ఉన్న బిడ్డకు ఊరు మారడం అంటే ఇంటి గోడలూ, నిద్ర వేళా, తెలిసిన ముఖాలూ ఒక్క రాత్రిలో పోవడం. నేర్చుకున్నది చాలావరకు వెనక్కి పోతుంది. బిడ్డను అవ్వ దగ్గర వదిలిపోతే అవ్వ తిండి పెట్టగలదు, పాఠం కొనసాగించలేదు. ఇలాంటి ఇళ్లకు రెండు చిన్న ఏర్పాట్లు ఎంతో ఉపయోగం. మొదటిది యూడీఐడీ కార్డు తీసుకోవడం. రాష్ట్రం దాటినా అది చెల్లుతుంది. రెండోది పిల్లవాడి గురించి ఒక ఫైలు: పరీక్షల నివేదికలు, ఇప్పటి ప్రణాళిక, ఏం ఇష్టం, దేనికి భయపడతాడు, ఏ సైగకు ఏమర్థం అన్నవి ఒక పేజీలో. ఆ ఒక్క పేజీ ఉంటే పుణేలో ఎక్కడో ఉన్న టీచర్ మొదటి నెలను వృథా చేయనక్కర లేదు. వెళ్లే ముందు అవ్వను రెండు రోజులు భవిత కేంద్రంలో కూర్చోబెట్టి బొమ్మల అట్ట వాడడం నేర్పించిన ఒక తల్లిని నేనెరుగుదును.

పది దాటాక, పద్దెనిమిది దాటాక

పదో తరగతి పరీక్షకు రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం వంటి సదుపాయాలు పరీక్ష ముందు వారం గుర్తొస్తే దొరకవు. తొమ్మిదో తరగతిలోనే ప్రధానోపాధ్యాయుడి ద్వారా దరఖాస్తు మొదలుపెట్టి, తరగతి పరీక్షల్లో కూడా అదే పద్ధతిలో రాయించి అలవాటు చేయాలి. రెగ్యులర్ బడి పొసగని పిల్లలకు సార్వత్రిక విద్యా విధానంలో ఒక్కో సబ్జెక్టును విడివిడిగా పూర్తి చేసే వీలుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం గానీ ఆ పైన గానీ ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు, వయసులో అయిదేళ్ల సడలింపు ఉన్నాయి.

పద్దెనిమిదేళ్లు నిండిన మరునాటి నుంచి తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి పంపకం దగ్గర ఈ సంగతి హఠాత్తుగా ఎదురవుతుంది. సంరక్షకుల నియామకం కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అక్కడ దరఖాస్తు చేసుకోవాలి.

ఇప్పుడు బడి ఈడు బిడ్డ ఉన్నవారికి మొదటి పని మాత్రం ఒక అర్జీ. తెల్లకాగితం మీద తెలుగులోనే, ప్రధానోపాధ్యాయుడి పేర రాస్తే చాలు. బిడ్డ పేరు, తరగతి, గమనించిన ఇబ్బందులు, బడి నుంచి కావలసిన రెండు మూడు సర్దుబాట్లు స్పష్టంగా ఉండాలి. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత విద్యా ప్రణాళికను రాసి, దాని ప్రతిని ఇవ్వమని అడగాలి. నోటితో అడిగినది నిలవదు కాబట్టి రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో సంతకం తీసుకోవాలి. నెలలో జవాబు రాకపోతే అదే ప్రతిని ఎంఈఓకు, ఆ తర్వాత డీఈఓ కార్యాలయంలో వికలాంగ పిల్లల ప్రవేశాలను చూసే నోడల్ అధికారికి, అక్కడా పని కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపవచ్చు. బడి మానిపించమని ఎవరైనా నోటిమాటగా చెబితే, ఆ మాటనే రాసి ఇవ్వమని అడగండి.